ఉప్పుగాలి చువ్వ దాకా ఎలా చేరుతుంది? తీరం ఇళ్లలో పెచ్చులూడే కాంక్రీటు కథ

పూసపాటిరేగ మండలంలో సముద్రానికి కూతవేటు దూరంలో మా బంధువుల ఇల్లు ఒకటుంది. కట్టి పదహారేళ్లయింది. కిందటి వేసవిలో తూర్పు కిటికీ మీది సన్‌షేడ్ అడుగు నుంచి జానెడు పెచ్చు ఊడి అరుగు మీద పడింది. ఆ సమయానికి అక్కడ ఎవరూ లేకపోవడం అదృష్టం. తలెత్తి చూస్తే లోపలి చువ్వ ఎర్రగా, ఉల్లిపొరల్లా విచ్చుకుని కనిపించింది. పడమటి వైపు సన్‌షేడ్ మాత్రం చెక్కుచెదరలేదు. రెండింటినీ ఒకే మేస్త్రీ, ఒకే సిమెంటుతో, ఒకే వారంలో పోశాడు.

ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. ఇనుము నాసిరకమని ఒకరు, సిమెంటు తక్కువ కలిపారని మరొకరు, సముద్రం పక్కన ఎలా కట్టినా ఇంతేనని ఇంకొకరు అన్నారు. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా తీరం ఊళ్లలో ఏ వీధిలో అడిగినా ఈ మూడు మాటలే వినిపిస్తాయి. శ్రీకాకుళం జిల్లాకు దాదాపు 190 కిలోమీటర్ల తీరం ఉంది. విజయనగరం తీరం ముప్పై కిలోమీటర్లకు మించకపోయినా, భోగాపురం విమానాశ్రయం వల్ల ఆ కొద్ది మేరలోనూ కొత్త కట్టడాలు వేగంగా లేస్తున్నాయి. శ్రీకాకుళంలో మూలపేట ఓడరేవు చుట్టుపక్కల కూడా అంతే. అందుకే ఆ మూడు మాటల్లో ఏది ఎంతవరకు నిజమో కాస్త నిదానంగా తేల్చుకోవలసిన సమయం ఇది.

కాంక్రీటులో ఇనుము మామూలుగా ఎందుకు తుప్పు పట్టదు

ఆరుబయట వదిలేసిన చువ్వ ఒక్క వానకే ఎర్రబడుతుంది. అదే చువ్వ మంచి కాంక్రీటులో యాభై ఏళ్లున్నా నల్లగానే ఉండగలదు. కాంక్రీటు నీటిని పూర్తిగా అడ్డుకుంటుంది కాబట్టి అలా ఉంటుందని చాలామంది అనుకుంటారు. కానీ కాంక్రీటు నిండా కంటికి కనపడని రంధ్రాలే. వాటిలో నీరూ ఉంటుంది, గాలీ ఉంటుంది.

అసలు రక్షణ ఆ నీటి గుణంలో ఉంది. సిమెంటు నీటితో కలిసి గట్టిపడేటప్పుడు సున్నం పుడుతుంది. దాంతో రంధ్రాల్లోని నీరు గాఢమైన క్షారంగా మారుతుంది. దాని పీహెచ్, అంటే క్షారం ఎంత గాఢమో చెప్పే అంకె, 12.5 నుంచి 13.5 దాకా ఉంటుంది (మంచినీటికి అది 7 దగ్గర). అంత క్షారంలో ఇనుము ఉపరితలం మీద ఆక్సైడ్ పొర ఒకటి తనంతట తానే ఏర్పడుతుంది. మందం కొన్ని నానోమీటర్లే అయినా అది ఇనుమును అంటిపెట్టుకుని ఉండి, తుప్పును దాదాపు ఆపేస్తుంది. ఎక్కడైనా గీత పడితే మళ్లీ అల్లుకుంటుంది కూడా.

ఈ పొరకు శత్రువులు ఇద్దరు. మొదటిది గాలిలోని కార్బన్ డయాక్సైడ్. అది మెల్లగా లోపలికి దిగి సున్నాన్ని సున్నపురాయిగా మార్చుకుంటూ పోతుంది. అది పోయినంత మేరా పీహెచ్ 9 కన్నా దిగువకు పడిపోతుంది, అక్కడ పొర నిలవదు. ఇది సముద్రం లేని ఊళ్లలోనూ జరిగే వ్యవహారం. రెండో శత్రువు క్లోరైడ్, అంటే మనం తినే ఉప్పులోని సగభాగం. దీని పద్ధతి వేరు, వేగం వేరు.

క్లోరైడ్ ఖర్చు కాదు, అసలు చిక్కు అదే

క్లోరైడ్ అయానులు చువ్వ దాకా చేరి తగినంత పోగుపడితే, క్షారం చెక్కుచెదరకుండా ఉన్నా సరే, రక్షణ పొర అక్కడక్కడ చిల్లులు పడుతుంది. పొర ఊడిన చోట ఇనుము కరగడం మొదలవుతుంది. దాన్ని ఆనోడ్ అంటారు. పొర బాగున్న పక్క భాగమంతా కాథోడ్‌గా పనిచేస్తూ నీటినీ ఆక్సిజన్‌నూ వాడుకుంటుంది. ఒకే చువ్వ మీద చిన్న బ్యాటరీ తయారైనట్టన్న మాట. విశాలమైన కాథోడ్, చిటికెడు ఆనోడ్. నష్టమంతా ఆ చిటికెడు చోటే భరించాలి కాబట్టి అక్కడ గుంట లోతుకు దిగుతుంది.

ఇక్కడ క్లోరైడ్ పాత్రను రేవు దాటించే పడవవాడితో పోల్చవచ్చు. కరిగిన ఇనుమును తనతో జతచేసుకుని గుంటలోంచి బయటికి తీసుకొస్తుంది. అక్కడ ఇనుము తుప్పుగా మారిపోతే క్లోరైడ్ విడుదలై మళ్లీ గుంటలోకి వెళుతుంది. దారిలో ఆమ్లం పుట్టి గుంట లోపల పీహెచ్ ఇంకా పడిపోతుంది. పడవవాడు అలసిపోడు, తరిగిపోడు. తేమా ఆక్సిజనూ అందుతున్నంతకాలం, ఒకసారి చేరిన ఉప్పు పని చేస్తూనే ఉంటుంది.

తుప్పు అది తిన్న ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. కాంక్రీటు నొక్కిడిని ఎంతైనా తట్టుకుంటుంది గాని లోపలి నుంచి సాగదీసే బలాన్ని తట్టుకోలేదు. చువ్వ వెంబడి వెంట్రుకవాసి పగులు వస్తుంది, తర్వాత ఉబ్బు, చివరికి పెచ్చు. మొదటి పగులు రావడానికి చువ్వలో మిల్లీమీటరులో పదోవంతు కరిగినా చాలు. అందువల్ల పగులు కనపడగానే ఇల్లు కూలుతుందని భయపడనక్కర్లేదు. అలాగని తేలిగ్గా తీసుకోవడానికీ లేదు. 8 మి.మీ. చువ్వ చుట్టూ ఒక్కో మిల్లీమీటరు తినేస్తే మిగిలేది 6 మి.మీ. చువ్వ. వ్యాసం నాలుగోవంతే తగ్గింది, కానీ బలం అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. అది 50 చదరపు మి.మీ. నుంచి 28కి పడిపోతుంది, అంటే 44 శాతం నష్టం. పైగా ఆక్సిజన్ తక్కువగా అందే చోట క్లోరైడ్ గుంటలు ఉబ్బకుండా, పగులు చూపకుండానే లోతుకు దిగగలవు. నన్ను ఎక్కువ కలవరపెట్టేది పెచ్చులూడిన కాంక్రీటు కన్నా ఈ కనపడని గుంటలే.

ఉప్పు వచ్చే మొదటి దారి: కలిపే రోజునే

సముద్రం గోడను తాకకముందే ఉప్పు ఇంట్లోకి వచ్చేయవచ్చు. భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం ఇనుము ఉన్న మామూలు కాంక్రీటులో, పోసే సమయానికి ఘనపు మీటరుకు 0.6 కిలోల క్లోరైడ్ మించకూడదు. కలిపే నీటిలో లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. ఈ అంకెలు ఎంత ఇరుకైనవో లెక్క వేస్తే తెలుస్తుంది.

ఘనపు మీటరు కాంక్రీటుకు 340 కిలోల సిమెంటు, 0.45 నిష్పత్తిలో నీరు అనుకుందాం. నీరు 153 లీటర్లు. లీటరుకు 500 మిల్లీగ్రాములున్న బోరు నీరైతే 76 గ్రాముల క్లోరైడ్ చేరుతుంది, ఇబ్బంది లేదు. తీరంలో బోరు నీరు ఉప్పదేలి 3,000 మిల్లీగ్రాములకు చేరిందనుకుంటే 459 గ్రాములు. ఒక్క నీటితోనే పరిమితిలో మూడొంతులు నిండిపోయింది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 19 గ్రాముల క్లోరైడ్ ఉంటుంది. దాంతో కలిపితే 2.9 కిలోలు, పరిమితికి దాదాపు అయిదు రెట్లు.

ఇసుక లెక్క ఇంకా ఆశ్చర్యం కలిగిస్తుంది. అదే ఘనపు మీటరుకు 700 కిలోల ఇసుక పడుతుందనుకుందాం. వంశధార, నాగావళి ఇసుకకు బదులు ఒడ్డున తవ్విన ఇసుక వాడారని, దానిలో 5 శాతం సముద్రపు తడి ఉందని అనుకుందాం. ఆ తడి 35 లీటర్లు, దానిలో క్లోరైడ్ 665 గ్రాములు. అంటే మంచినీటితో కలిపినా, కేవలం ఇసుక చెమ్మతోనే పరిమితి దాటిపోయింది. చేత్తో పట్టుకుంటే ఆ ఇసుక కాస్త చెమ్మగా మాత్రమే అనిపిస్తుంది.

0.6 కిలోలు దాటగానే తుప్పు మొదలవుతుందా అంటే, కాదు. సిమెంటు బరువులో 0.4 శాతం దగ్గర ప్రమాదం మొదలవుతుందని సాధారణంగా లెక్కిస్తారు. 340 కిలోల సిమెంటుకు అది 1.36 కిలోలు. ఆ 0.4 కూడా గీత గీసినట్టు కచ్చితమైనది కాదు, తేమను బట్టి, సిమెంటు రకాన్ని బట్టి అటూఇటూ జరుగుతుంది. ప్రమాణం దానికి బాగా దిగువన ఆగడం వల్ల, తర్వాత బయటి నుంచి రాబోయే ఉప్పుకు కొంత ఖాళీ మిగులుతుంది. ఇల్లు కట్టిన రోజునే ఆ ఖాళీ నింపేస్తే, సముద్రం పక్కనున్న ఇంటికి ఇక మిగిలేది ఏమీ లేదు.

రెండో దారి: నౌపడ ఉప్పు మళ్లు చెప్పే పాఠం

బయటి నుంచి ఉప్పు ఎలా వస్తుందో తెలియాలంటే నౌపడ ఉప్పు మళ్లను తలచుకుంటే చాలు. సముద్రపు నీటిని మడిలో నిలబెడతారు. ఎండకు నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగులుతుంది. మళ్లీ నీరు పెడితే మరింత చిక్కటి ఉప్పునీరు తయారవుతుంది. తీరంలో కాంక్రీటు ఉపరితలం మీదా ఇదే జరుగుతుంది. కెరటాల తుంపర గాలిలో తేలివచ్చి గోడ మీద వాలుతుంది. రాత్రి మంచుకు తడుస్తుంది, పగటి ఎండకు ఆరుతుంది. ఆరిన ప్రతిసారీ ఉప్పు మిగులుతుంది, తడిసిన ప్రతిసారీ ఆ చిక్కటి ఉప్పునీటిని కాంక్రీటు లోపలికి పీల్చుకుంటుంది.

సన్‌షేడ్ అడుగు ముందుగా పాడవడానికి కారణం ఇక్కడే ఉంది. సన్‌షేడ్ పైభాగాన్ని, గోడ ముఖాన్ని వాన కడిగేస్తుంది. అడుగు భాగానికి వాన తగలదు. గాలి తెచ్చిన ఉప్పు కడిగేవారు లేక అక్కడే ఏళ్ల తరబడి పేరుకుపోతుంది. తూర్పు సన్‌షేడ్‌కు సముద్రపు గాలి సూటిగా తగులుతుంది, పడమటి దానికి ఇల్లే అడ్డు. మా బంధువుల ఇంటి చిక్కుముడిలో సగం ఇలా వీడింది. మిగతా సగం పెచ్చు ఊడిన చోట కొలిచాక తెలిసింది. దాని గురించి తర్వాత చెబుతాను.

పిల్లర్ల కాళ్లకు వచ్చే జబ్బూ ఈ కుదురుదే. చవిటి నేలలోని ఉప్పునీరు పిల్లరు పట్టుకుని అడుగు, అడుగున్నర ఎత్తు పాకి అక్కడ ఆవిరవుతుంది. తెల్లటి పొడిలా ఉప్పు తేలేది, తర్వాత పగుళ్లు వచ్చేది ఆ ఎత్తులోనే.

మరి నిత్యం సముద్రంలోనే ఉండే కాంక్రీటు సంగతి? పూర్తిగా మునిగి ఉండే భాగంలో ఉప్పు ఎంతైనా ఉంటుంది గాని ఆక్సిజన్ చాలా తక్కువగా అందుతుంది, అందువల్ల తుప్పు నిదానంగా సాగుతుంది. ఆటుపోట్లకు తడిసి ఆరే భాగం, దానిపై తుంపర పడే భాగం అన్నిటికన్నా ఘోరంగా దెబ్బతింటాయి. జెట్టీ స్తంభాల నడుముల దగ్గర మరమ్మతు మచ్చలు ఎక్కువగా కనిపించేది అందుకే. ఐఎస్ 456 కూడా ఈ తేడాను గుర్తించింది. తీర వాతావరణానికి గురయ్యే కాంక్రీటును, సముద్రంలో పూర్తిగా మునిగిన కాంక్రీటును ఒకే తరగతిలో, ‘తీవ్రం’ అనే మూడో మెట్టులో ఉంచింది. తుంపర తగిలేదాన్ని ‘అతి తీవ్రం’ అంది. ఆటుపోట్ల మధ్య ఉండేదాన్ని అన్నిటికన్నా పై మెట్టు ఎక్కించింది.

ఇరవై మిల్లీమీటర్లకు, నలభై అయిదుకు మధ్య

చువ్వకూ బయటి ముఖానికీ మధ్య ఉండే కాంక్రీటు మందాన్ని పనివాళ్లు కవరింగ్ అంటారు. ఐఎస్ 456 దీనికి తేలికపాటి వాతావరణంలో 20 మి.మీ., ఉప్పుగాలి నుంచి మరుగున్న చోట 30, తీర వాతావరణంలో 45, తుంపర తగిలే చోట 50, ఆటుపోట్ల మధ్య 75 నిర్ణయించింది. కొలవవలసింది పిల్లరులోని పెద్ద చువ్వ నుంచి కాదు, దాన్ని చుట్టిన రింగు బయటి అంచు నుంచి. పైన చేసే ప్లాస్టరింగ్ ఈ లెక్కలోకి రాదు.

45 అంటే 20కి రెండింతల పైచిలుకే కదా, రెండింతల కాలం నిలుస్తుందేమో అనిపిస్తుంది. నిజానికి అంతకన్నా చాలా ఎక్కువ. ఉప్పు కాంక్రీటులోకి పాకే దూరం కాలంతో సమానంగా పెరగదు, స్థూలంగా కాలం వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. లోపలికి పోయేకొద్దీ నడక మందగిస్తుంది. ఒక కాంక్రీటులో ప్రమాదకరమైన మోతాదు 20 మి.మీ. లోతుకు చేరడానికి 8 ఏళ్లు పట్టిందనుకుందాం. అదే కాంక్రీటులో 45 మి.మీ. చేరడానికి 45ను 20తో భాగించి, వచ్చినదాన్ని వర్గం చేసి, 8తో గుణించాలి. దాదాపు 40 ఏళ్లు. ఇదే సూత్రం ఎదురు తిరిగితే నిర్దాక్షిణ్యంగా ఉంటుంది. పోసేటప్పుడు చువ్వల కింద పెట్టిన కవర్ బ్లాకులు జారి, చువ్వల మీద నడిచి, కవరింగ్ 12 మి.మీ. అయితే మిగిలేది మూడేళ్లు కూడా కాదు.

తూర్పు సన్‌షేడ్‌లో మేము కొలిచింది 11 మి.మీ.

ఈ లెక్క పగుళ్లు లేని, బాగా కుదిపి పోసిన కాంక్రీటుకే వర్తిస్తుంది. తేనెపట్టులా గుల్లలు పడిన చోట మందానికి అర్థమే లేదు. నీరు ఎక్కువ పోసినా అంతే. 50 కిలోల బస్తాకు 0.45 చొప్పున ఇరవై రెండున్నర లీటర్లు సరిపోతాయి. మిశ్రమం సులువుగా జారాలని ముప్పై లీటర్లు పోస్తే, సిమెంటుతో కలవని నీరు ఆరిపోయి వదిలిన దారులన్నీ ఉప్పుకు రహదారులవుతాయి. తీర వాతావరణానికి ప్రమాణం కోరేది కనీసం ఎం30 కాంక్రీటు (ఈ అంకె పెరిగేకొద్దీ బలం ఎక్కువ). మేస్త్రీలు కలిపే ఒకటికి ఒకటిన్నర, మూడు పాళ్లు స్థూలంగా ఎం20 మాత్రమే. ఎం30కి పాళ్లను ప్రయోగశాలలో తేల్చుకోవాలి.

మరి అంత కవరింగ్ ఎందుకు ఇవ్వరు? ఇది కేవలం నిర్లక్ష్యం అనడం అన్యాయం. 125 మి.మీ. మందం స్లాబులో కవరింగ్ 20 నుంచి 45కు పెంచితే చువ్వ స్లాబు పైముఖం వైపు 25 మి.మీ. జరుగుతుంది, బరువు మోసే శక్తి తగ్గుతుంది. పూడ్చుకోవాలంటే స్లాబు మందమో, ఇనుమో పెరగాలి. కవరింగ్ మరీ ఎక్కువైతే ఉపరితలం మీద పగుళ్లు వెడల్పవుతాయన్న ఇంజనీర్ల అభ్యంతరంలోనూ నిజముంది. చిన్న ఇంటికి ఈ ఖర్చు భారమే. అయితే ఇల్లంతా ఒకటే లెక్క కానక్కర్లేదు. గది లోపలి స్లాబు అడుగు ఉప్పుగాలికి మరుగున ఉంటుంది. సన్‌షేడ్, బాల్కనీ, పిట్టగోడ, బయటి పిల్లర్లు మరుగున ఉండవు. సాధారణంగా మన దగ్గర అందరికన్నా పలచగా, ఆఖరున, మిగిలిన మాలుతో పోసేది సన్‌షేడ్‌నే.

సిమెంటు, చువ్వలు: ఎవరి వాదన ఎంత వరకు

తీరం కదా అని సల్ఫేట్‌ను తట్టుకునే సిమెంటు అడిగేవారున్నారు. సముద్రపు నీటిలో సల్ఫేట్లు ఉన్నమాట నిజం. ఆ సిమెంటులో సల్ఫేట్ దాడికి లోనయ్యే ఒక అల్యూమినేట్ పదార్థాన్ని తగ్గిస్తారు. చిక్కేమిటంటే క్లోరైడ్‌ను పట్టి బంధించి, చువ్వ దాకా పోనివ్వకుండా ఆపే పదార్థాల్లో అదే ముఖ్యమైనది. ఇనుమున్న కాంక్రీటుకు ఉప్పే అసలు శత్రువైనప్పుడు ఆ ఎంపిక ఎదురు తిరగవచ్చు. ఉక్కు కర్మాగారాల ఊదుకొలిమి (బ్లాస్ట్ ఫర్నేస్) స్లాగ్, అంటే చిట్టెం, కలిపిన సిమెంటు, ఫ్లైయాష్ కలిపిన సిమెంటు రంధ్రాలను సన్నగా చేసి క్లోరైడ్ ప్రయాణాన్ని బాగా నెమ్మదింపజేస్తాయి. కానీ వాటికి తడి ఎక్కువ రోజులు కావాలి. వారానికే నీళ్లు కట్టడం ఆపేస్తే ఆ మేలు చాలావరకు దక్కదు. నీళ్లు కట్టేది ఉప్పు బోరుతో అయితే చెప్పనే అక్కర్లేదు.

చువ్వల సంగతికి వస్తే, కొట్టులో పైపైన గోధుమరంగు తిరిగిన చువ్వ చూసి కంగారుపడనక్కర్లేదు, ఆ పలుచని తుప్పు హాని చేయదు. ఒడ్డు ఇసుక మీద నెలల తరబడి పడి ఉప్పు పట్టినది మాత్రం వేరు. ఆకుపచ్చ ఎపాక్సీ పూత చువ్వల మీద నిపుణుల్లోనే ఏకాభిప్రాయం లేదు. పూత చెక్కుచెదరకపోతే ఉప్పు ఇనుమును చేరలేదన్నది ఒక వాదన. వంచేటప్పుడు, ఈడ్చేటప్పుడు పూత లేచిన చిన్న గీతల దగ్గరే దాడి మొత్తం కేంద్రీకరిస్తుందన్నది రెండో వాదన. అమెరికాలో ఫ్లోరిడా కీస్ వంతెనల్లో ఈ చువ్వలు కొద్ది ఏళ్లకే తుప్పుపట్టడం 1980లలో బయటపడ్డాక రెండో వాదనకు బలం చేకూరింది. స్టెయిన్‌లెస్ చువ్వల మీద మాత్రం పెద్ద వివాదం లేదు. మెక్సికోలోని ప్రోగ్రెసో రేవులో 1940 ప్రాంతంలో వాటితో కట్టిన పొడవాటి వారధి దశాబ్దాల పాటు సముద్రంలో నిలిచింది. ఇళ్లకు వాటి ధర అందదు, అంతే.

పాతకాలం కట్టడాలు చెక్కుచెదరలేదు కదా అనే మాట కూడా వింటుంటాం. కళింగపట్నం దగ్గర, వంశధార ఒడ్డున శాలిహుండం స్తూపాల్లో ఉన్నది ఇటుక, రాయి. వాటి గర్భంలో తుప్పుపట్టి ఉబ్బే ఇనుప చువ్వల వల లేదు. ఆ పోలిక మన స్లాబులకు పొసగదు.

మరమ్మతు చేసిన చోటు బాగుంటుంది, పక్కన ఊడుతుంది

పెచ్చు ఊడిన చోట చువ్వ గీకి, సిమెంటు మెత్తి, రంగు వేస్తారు. రెండు మూడేళ్లకు ఆ అతుకు చుట్టూ కొత్త పగులు వస్తుంది. పని సరిగా చేయలేదని మేస్త్రీని తిడతారు. చాలాసార్లు అతను పని బాగా చేసినందువల్లే అలా జరుగుతుంది.

ఇందాకటి బ్యాటరీని గుర్తు చేసుకోండి. తుప్పు పట్టే చోటు ఆనోడ్‌గా కరిగిపోతూ, తన పక్కనున్న చువ్వను కాథోడ్‌గా ఉంచి కాపాడుతుంది. పక్క కాంక్రీటులోనూ అప్పటికే ఉప్పు ఉంది, కానీ ఆ రక్షణ వల్ల అక్కడ తుప్పు మొదలుకాలేదు. మనం చెడిన చోట ఉప్పులేని కొత్త మాలు నింపగానే ఆనోడ్ ఆగిపోతుంది, దాంతో పక్కనున్న చువ్వకు కాపు పోతుంది. ఇప్పుడు అదే కొత్త ఆనోడ్.

దీనికి మార్గాలున్నాయి, ప్రతిదానికీ ఒక పరిమితి ఉంది. ఉప్పు పట్టిన కాంక్రీటును చువ్వ వెనుక దాకా, పగుళ్ల హద్దు దాటి, తొలగించడం ఒకటి. ఎక్కువ మేర తొలిచేటప్పుడు ఆ బరువును కింద నుంచి నిలబెట్టాలి. అతుకు అంచున జింకు దిమ్మను చువ్వకు కట్టడం మరొకటి. ఇనుముకు బదులు జింకు కరుగుతుంది, కరిగినంతకాలమే కాపు. బయటి నుంచి స్వల్ప విద్యుత్తు పంపి చువ్వలన్నిటినీ కాథోడ్‌గా ఉంచే పద్ధతి వంతెనలకు, జెట్టీలకు సరిపోతుంది, దానికి నిరంతర పర్యవేక్షణ కావాలి.

ఏది ఎంచుకోవాలన్నది ఉప్పు ఎంత లోతుకు, ఎంత మేర వెళ్లిందన్నదాన్ని బట్టి ఉంటుంది. చిన్న సుత్తితో తట్టుకుంటూ పోతే డొల్లబారిన చోటు చప్పుడులోనే తెలుస్తుంది. అప్పుడే పగలగొట్టిన ముఖం మీద క్షారం తగిలితే రంగు మారే ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లితే క్షారం మిగిలినంత మేరా గులాబీరంగు తేలుతుంది. అయితే రంగు తేలినంత మాత్రాన ఉప్పు లేదని కాదు, క్లోరైడ్ క్షారాన్ని తగ్గించకుండానే లోపలికి వస్తుంది. దానికి వివిధ లోతుల నుంచి పొడి తీసి ప్రయోగశాలలో పరీక్షించాలి. చువ్వకు తీగ కట్టి ఉపరితలం మీద వోల్టేజి కొలిచే పరీక్ష కూడా ఉంది. రాగి సల్ఫేట్ ఎలక్ట్రోడుతో రీడింగు మైనస్ 350 మిల్లీవోల్టుల కన్నా దిగువకు పోతే ఆ చోట తుప్పు సాగుతోందనే సంభావ్యత 90 శాతం పైమాట. ఆ సంఖ్య తుప్పు వేగాన్ని చెప్పదు, ఉనికిని మాత్రమే చెబుతుంది.

మా బంధువుల ఇంట్లో ఈ పరీక్షలు చేసిన ఇంజనీరు తూర్పు సన్‌షేడ్‌లను అతకవద్దని, కోసి తీసేయమని చెప్పారు. పలచటి అంచులో ఉప్పులేని కాంక్రీటు మిగలనే లేదు. బయటి పిల్లర్లలో ఉప్పు ఇంకా రింగుల దాకా చేరలేదు. వాటి మీద ఉప్పునీటిని రానివ్వని పూత వేయించి, మూడేళ్లకోసారి అవే చోట్ల పొడి తీసి చూడమన్నారు. పడమటి సన్‌షేడ్ అడుగున సుత్తి పెట్టి తడితే గట్టిగా మోగింది. దాని కవరింగ్ 23 మి.మీ. ఉంది.